సొమ్ము పట్టాకా, పంటకా?

2025 ఆగస్టు 2న మా అన్నయ్య ఖాతాలో ఏడు వేల రూపాయలు పడ్డాయి. ఐదు వేలు అన్నదాత సుఖీభవ కింద రాష్ట్రం ఇచ్చినవి, రెండు వేలు పీఎం కిసాన్ కింద కేంద్రం ఇచ్చినవి. అన్నయ్య ఉండేది విశాఖపట్నంలో, మూడో అంతస్తు ఫ్లాటులో. పొలం ఉన్నది నరసన్నపేట దగ్గర. ఆ పొలం గట్టు మీద చివరిసారి ఎప్పుడు నడిచాడో ఆయనకే గుర్తులేదు. ఆ ఖరీఫ్‌లో ఆ రెండెకరాల్లో ఆకు పోసి, దమ్ము చేయించి, నాట్లు వేయించి, యూరియా బస్తా కోసం ఎండలో వరసన నిలబడ్డ మనిషికి మాత్రం ఒక్క రూపాయి రాలేదు. ఇందులో మోసం ఏమీ లేదు. అన్నయ్య ప్రభుత్వోద్యోగి కాదు, ఆదాయపు పన్ను కట్టేంత రాబడీ లేదు, పాసు పుస్తకం ఆయన పేరునే ఉంది. నిబంధనల ప్రకారం ఆయన రైతే. నా తగాదా అన్నయ్యతో కాదు, ఆ నిబంధనలతో.

నేను యాంగోన్ నుంచి రాస్తున్నాను. మా శ్రీకాకుళం వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ రంగం అనే అంటారు. పదిహేనేళ్లకు పైగా ఇక్కడ, మినుములు కొని చెన్నైకీ ముంబైకీ పంపే ఒక సంస్థలో లెక్కలు చూస్తున్నాను. భారతదేశం దిగుమతి చేసుకునే మినుముల్లో అత్యధిక భాగం ఇక్కడివే. మీరు పొద్దున తిన్న ఇడ్లీలో బర్మా పప్పు ఉన్నా ఉండొచ్చు. బయింట్‌నౌంగ్ టోకు బజారులో ఎఫ్‌ఏక్యూ రకం మినుములు ఎంత, ఎస్‌క్యూ రకం ఎంత అని రోజూ ధర కనుక్కోవడం, పంట చేతికొచ్చే రోజుల్లో బగో వైపు ఊళ్లకు వెళ్లి సరుకు చూసి రావడం నా పని. బగో అంటే పాతవాళ్ల పెగూ. అక్కడ వానలకు వరి ఊడుస్తారు, కోత అయ్యాక నేలలో మిగిలిన తడిమీద మినుములు చల్లుతారు. మన కృష్ణా డెల్టాలో, మా నాగావళి, వంశధార ఆయకట్టుల్లో చేసేది కూడా ఇదే. ఒకే రకం పంట, ఒకే రకం రైతు. ప్రభుత్వాలు మాత్రం వేరు.

ఒకసారి బగో దగ్గరి ఊళ్లో కళ్లం మీద ఒక పెద్దావిడ నన్ను అడిగింది: "మీ దేశంలో సర్కారే రైతు ఖాతాలో డబ్బు వేస్తుందటగా?" అవునన్నాను. "వడ్డీ ఎంత?" వడ్డీ లేదన్నాను. "తిరిగి ఎప్పుడు కట్టాలి?" కట్టక్కర్లేదన్నాను. ఆవిడ పక్కనున్న కూతురి వైపు చూసి నవ్వింది. నేను వేళాకోళం ఆడుతున్నాననుకుంది.

నమ్మకపోవడానికి ఆవిడకు ఒకటి కాదు, నాలుగు తరాల కారణాలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బర్మా ఏటా సుమారు 30 లక్షల టన్నుల బియ్యం ఎగుమతి చేసేది. ప్రపంచంలో అంత బియ్యం అమ్మిన దేశం మరొకటి లేదు. ఆ వరి పండించిన రైతు మాత్రం తమిళ చెట్టియార్ల అప్పులో ఉండేవాడు. 1930లో మాంద్యం వచ్చి ధాన్యం ధర పడిపోయింది. దిగువ బర్మాలోని 13 ప్రధాన వరి జిల్లాల్లో 1930 నాటికి 6 శాతం భూమి చెట్టియార్ల చేతిలో ఉంటే, 1938 నాటికి అది 25 శాతమైంది. బర్మీయులకు భారతీయుల మీద కోపం ఎక్కడ మొదలైందని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ లెక్కే చెబుతాను.

స్వాతంత్ర్యం వచ్చాక 1953 చట్టంతో భూమి జాతీయమైంది. అప్పుల వాళ్ల పీడ వదిలింది, ఆ స్థానంలోకి సర్కారు వచ్చి కూర్చుంది. 1962లో సైన్యం అధికారం చేపట్టాక ఎకరాకు ఇన్ని బుట్టల ధాన్యం ప్రభుత్వానికి అమ్మి తీరాలన్న పద్ధతి బిగిసింది. ధర ప్రభుత్వం చెప్పిందే, అది బజారు ధర కన్నా చాలా తక్కువ. పంట పోయినా లెక్క అప్పగించాల్సిందే. లేకపోతే సాగు హక్కుకే ఎసరు. మధ్యలో 1987లో కొన్నాళ్లు వదిలి, మళ్లీ పట్టుకుని, చివరికి 2003లో గానీ ఆ కోటాను పూర్తిగా ఎత్తేయలేదు. ఆ పెద్దావిడ వయసు అరవై దాటి ఉంటుంది. అంటే ఆవిడ జీవితంలో సగానికి పైగా, సర్కారు మనిషి కళ్లంలోకి వచ్చాడంటే తీసుకుపోవడానికే.

ఇప్పుడు ఇచ్చేది ఏమైనా ఉందంటే అది అప్పు. మయన్మార్ వ్యవసాయాభివృద్ధి బ్యాంకు వానాకాలం వరికి ఎకరాకు ఇంత అని, పదెకరాల వరకు అప్పిస్తుంది. ఐదు నుంచి పది మంది రైతులు జట్టుకట్టి ఒకరికొకరు పూచీ పడాలి. 2016లో ఎకరాకు ఇచ్చే అప్పును లక్ష చాట్‌ల (ఇక్కడి కరెన్సీ) నుంచి లక్షన్నరకు పెంచారు. అప్పటి మారకంలో అది సుమారు 125 డాలర్లు. అదే లక్షన్నర ఈవేళ బజారు రేటులో 40 డాలర్లు కూడా కాదు. ఎరువు దిగుమతి సరుకు, డీజిల్ దిగుమతి సరుకు, వాటి ధర డాలర్లలోనే నడుస్తుంది. మిగతా పెట్టుబడి ఎక్కడి నుంచి వస్తుందో ఊహించడం కష్టం కాదు: ధాన్యం కొట్టు యజమాని దగ్గర, బంగారం తాకట్టు కొట్లో, లేదా మాలాంటి వ్యాపారులకు సరుకు కొనిచ్చే దళారీ ముందుగా ఇచ్చే బయానాలో. బయానా తీసుకున్న రైతు కోతల రోజున ధర అడగడు. చెప్పింది తీసుకుంటాడు. దళారీ బిల్లులు నా బల్ల మీదికే వస్తాయి, అంచేత ఈ సంగతి నాకు కాగితం మీద తెలుసు.

రైతుకు ఇవ్వడం అలా ఉంచండి. ఎవరికీ కనిపించకుండా లాక్కోవడం ఇంకొకటి ఉంది. 2022 ఆగస్టులో ఇక్కడి కేంద్ర బ్యాంకు డాలరుకు 2,100 చాట్‌లని రేటు కట్టి, ఎగుమతిదారు సంపాదించిన డాలర్లలో 65 శాతం ఆ రేటుకే మార్చుకోవాలంది. లెక్క కోసం ఒక టన్ను మినుములు వెయ్యి డాలర్లకు అమ్మామనుకోండి. బజారు రేటు 2,900 అనుకుంటే చేతికి 29 లక్షల చాట్‌లు రావాలి. 650 డాలర్లు 2,100 లెక్కన, మిగతా 350 బజారు లెక్కన మారిస్తే వచ్చేది 23 లక్షల 80 వేలు. ఐదు లక్షల 20 వేలు తేడా, అంటే నూటికి పద్దెనిమిది. ఈ నష్టం ఎగుమతిదారు తన జేబులోంచి పెట్టుకుంటాడనుకునేవాళ్లు వ్యాపారం ఎరగనివాళ్లు. కొనే ధర ఆ మేరకు దిగుతుంది. దాన్ని కళ్లం దగ్గర కట్టేది ఆ పెద్దావిడే. ఆ తర్వాత ఆ శాతాన్ని తగ్గించుకుంటూ వచ్చారు, బజారు రేటు మాత్రం ఇంకా ఎగబాకింది. ఈ దేశ రాజకీయం గురించి ఇంతకు మించి రాయను, ఇక్కడే బతకాలి.

పొరుగు దేశం కూడా ఆవిడ పొట్ట మీద కొట్టగలదు. 2017 ఆగస్టులో ఢిల్లీ మినుములు, పెసల దిగుమతికి ఏడాదికి 3 లక్షల టన్నుల హద్దు పెట్టింది. మన రైతుకు ధర నిలబెట్టడానికే, కాదనను. ఆ వారం బయింట్‌నౌంగ్‌లో కొనేవాడు లేడు. తర్వాత 2021లో రెండు ప్రభుత్వాలూ ఐదేళ్ల ఒప్పందం చేసుకుని ఏటా రెండున్నర లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు కొంటామని రాసుకున్నాక కాస్త నిలకడ వచ్చింది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మన దగ్గర నగదు సాయాన్ని ఉచితాలని ఈసడించేవాళ్లతో నేను ఏకీభవించను. హైదరాబాదులో కారు దిగకుండా ఈ మాట అనేవాళ్లు ఒక్క పంటకాలం బగోలో ఉండి చూడాలి. రైతు దగ్గర తీసుకునే రాజ్యం ఎలా ఉంటుందో ఇక్కడ చూశాను. ఇచ్చే రాజ్యం దానికన్నా వెయ్యి రెట్లు మేలు. విత్తనం, ఎరువు కొనే వేళకు చేతిలో ఐదు వేలుంటే షావుకారు ఎదుట చేయి చాపే అవసరం ఆ మేరకు తగ్గుతుంది. ప్రశ్నల్లా ఒకటే: ఆ ఐదు వేలు ఎవరి చేతిలో ఉన్నాయి?

ఈ విషయంలో మాత్రం రెండు దేశాలూ ఒక తీరునే ఉన్నాయి. ఇక్కడ 2012 భూచట్టం కింద ఇచ్చే ఫారం 7 ఉంటేనే బ్యాంకు తలుపు తెరుచుకుంటుంది. ఐరావతి డెల్టాలో సగానికి పైగా గ్రామీణ కుటుంబాలకు సొంత సాగుభూమే లేదని సర్వేలు చెబుతాయి. వాళ్లకు ఫారమూ లేదు, అప్పూ లేదు. ఆ ఫారం పౌరులకే ఇస్తారు. తాతల కాలంలో మన కాకినాడ, భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల నుంచి స్టీమరెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాల్లో, పౌరసత్వ కార్డు చేతికి రానివాళ్లు ఈనాటికీ పరాయి పొలాల్లో కోతలకు వెళతారు. రంగంలో పుట్టి, రంగం మట్టి తవ్వి, కాగితం దగ్గర ఆగిపోయిన బతుకులు అవి.

మా రెండెకరాల కథా ఇక్కడే మొదలైంది. మా తాత ఇక్కడి బియ్యపు మిల్లులో బస్తాలు మోశాడు. ఇక్కడి రేవులోనూ మిల్లుల్లోనూ కూలీల్లో ఎక్కువమంది మనవాళ్లే ఉన్న రోజులవి. ఆయన పంపిన మనియార్డర్లతోనే మా నాయనమ్మ నరసన్నపేట దగ్గర ఆ భూమి కొంది. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక, కట్టుబట్టలతో తిరిగొచ్చిన వేలమందిలో ఆయనొకడు. వచ్చాక బతికినన్నాళ్లూ ఆ పొలం ఆయనే చేశాడు. తర్వాత మా నాన్న చేశాడు. అన్నయ్యా, నేనూ చదువుకున్నాం, చేయలేదు. ముప్పై ఏళ్లుగా ఊళ్లోని ఒకే కుటుంబం కౌలుకు చేస్తోంది. మా తాత ఈనాటికి ఉండి ఉంటే రైతని ఎవరిని పిలిచేవాడో నాకు అనుమానం లేదు.

ఆ కౌలుదారు నాకు ఫోను చేసినప్పుడల్లా ఒకే మాట: "సంతకం ఎట్టిస్తే ఏటి పోద్ది బావూ? కార్డుంటే బ్యాంకోడు మొకం చూస్తాడు." ఆయన అడిగేది పంట సాగుదారు హక్కు కార్డు. 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన చట్టం ప్రకారం అది పదకొండు నెలలు చెల్లుతుంది. దానితో పంట రుణం, బీమా, నష్టపరిహారం, నగదు సాయం అడగొచ్చు. భూమి మీద మాత్రం ఏ హక్కూ రాదని ఆ చట్టంలోనే ఉంది. ఆ ఏడాది అక్టోబరులో మొదలైన రైతు భరోసాలో సొంత భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులనూ చేర్చారు. ఇప్పటి ప్రభుత్వమూ కౌలుదారులకు ఇస్తామనే అంది. కానీ ఎవరొచ్చినా తాళం ఒక్కచోటే పడుతోంది: కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలి. అన్నయ్యను అడిగితే, "ఒరేయ్, ఇవాళ సంతకం పెడితే రేపు పొలం నాదే అంటాడ్రా" అంటాడు. ఆయన భయం గాల్లోంచి పుట్టింది కాదు. 1950 నాటి తెలంగాణ కౌలు చట్టం రక్షిత కౌలుదారులకు నిజంగానే హక్కులిచ్చింది. 1956 నాటి ఆంధ్ర ప్రాంత చట్టమూ కౌలుదారును తేలిగ్గా వెళ్లగొట్టకుండా అడ్డుపడింది. ఆ రోజుల కథలు విని పెరిగిన తరం మాది. కొత్త చట్టం పాత చట్టం కాదని ఎవరూ ఇంటికొచ్చి చెప్పలేదు.

కౌలుదారును పక్కన పెట్టడం తెలంగాణలో ఇంకా బాహాటంగా జరిగింది. 2018 మే నెలలో హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలుపెట్టినప్పుడు పంటకు ఎకరాకు 4 వేలు, తర్వాత 5 వేలు చేశారు. ఎన్నెకరాలున్నా హద్దు లేదు. యాభై ఎకరాల ఆసామికి యాభై రెట్లు. కౌలుదారుకు సున్నా, అదీ విధానంగా చెప్పి మరీ. సాగు లేని గుట్టలకు, ప్లాట్లుగా మారిన భూములకు సొమ్ము పోయిందని ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం శాసనసభలోనే అంది. ఆ ప్రభుత్వమేమో ఎన్నికల ముందు కౌలు రైతుకూ ఎకరాకు ఏడాదికి 15 వేలన్నది, 2025 జనవరి 26న రైతు భరోసా అని మొదలుపెట్టినప్పుడు 12 వేలకు దిగి, అదీ పట్టాదారుకే ఇచ్చింది. భూమిలేని కూలీ కుటుంబాలకు ఏడాదికి 12 వేలని అదే రోజు ఇంకో పథకం పెట్టారు. అది మంచి పనే. కౌలుదారు మాత్రం రెంటికీ నడుమ గట్టు మీద నిలబడిపోయాడు. ఈ విషయంలో పార్టీల మధ్య తేడా వెతకడం నేను మానేశాను.

మా ఇచ్ఛాపురం దాటగానే ఒడిశా. అక్కడ 2018 డిసెంబరులో ప్రకటించిన కాలియా పథకంలో పాలుకు చేసేవాళ్లనూ, భూమిలేని కుటుంబాలనూ మొదటి రోజు నుంచే లెక్కలోకి తీసుకున్నారు. అమల్లో తప్పులు దొర్లాయి, అనర్హులు చేరారు. అయినా పట్టా లేనివాడు కూడా రైతేనని ఒక ప్రభుత్వం ఒప్పుకోగలదని అది చూపించింది.

పట్టా చూసి ఇస్తే కనీసం తప్పులుండవనే వాదన ఒకటి వింటుంటాను. పీఎం కిసాన్‌లో 20 లక్షల 48 వేల మంది అనర్హులకు 1,364 కోట్లు చెల్లించినట్టు కేంద్రమే సమాచార హక్కు కింద వచ్చిన ప్రశ్నకు జవాబిచ్చింది. 2021 జనవరిలో అది పత్రికల్లోనూ వచ్చింది. వాళ్లలో సగానికి పైగా ఆదాయపు పన్ను కట్టేవాళ్లే. కాగితానికి అబద్ధం చెప్పడం రాదనుకోవడం అమాయకత్వం.

ఈ పథకాల్లో నాకు నచ్చేది ఒకటుంది. పీఎం కిసాన్ లబ్ధిదారుల పేర్లు ఊరివారీగా ఎవరైనా చూడొచ్చు. మా మేనల్లుడు మా ఊరి జాబితా ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపాడు. ఆ జాబితా నెమ్మదిగా చదివాను. అన్నీ తెలిసిన పేర్లే. ఒకరు విజయనగరంలో కిరాణా కొట్టు నడుపుతారు. ఒకరు కొడుకు దగ్గర బెంగళూరులో ఉంటారు. పొలం చేసేవాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ ఊళ్లో ఎవరి చేతికి మట్టి అంటుతుందో నాకు తెలుసు. ఆ పేర్లలో చాలా పేర్లు జాబితాలో కనపడలేదు. అమెరికాలో ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ ఏళ్లుగా ఏ కౌంటీలో ఏ పేరుకు ఎంత సబ్సిడీ అందిందో బయటపెడుతోంది. పొలం మొహం చూడని నగరవాసుల చిరునామాలకు చెక్కులు వెళుతున్నాయన్న గొడవ అక్కడ అలాగే బయటికొచ్చింది. ఇక్కడ మయన్మార్‌లో అలాంటి జాబితా అడిగే ధైర్యం ఎవరికీ లేదు. మనకు జాబితా ఉంది. ఊళ్లో ఎవరూ దాన్ని చదవరు.

సాగుదారెవరో ప్రభుత్వానికి ఎలా తెలుస్తుందని అధికారులు అడుగుతారు. తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదు ఉంది. గ్రామ వ్యవసాయ సహాయకుడు పొలం దగ్గరికి వెళ్లి, ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారో ఫొటోతో సహా నమోదు చేయాలి. ధాన్యం కొనుగోలుకు, పంట నష్టానికి ఆ నమోదే ఆధారం. ధాన్యం అమ్మేటప్పుడు ఎవరు పండించారో తెలిసే సర్కారుకు, సాయం ఇచ్చేటప్పుడు తెలియదంటే ఎవరు నమ్ముతారు?

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయను. సాయం కౌలుదారుకు ఇస్తే యజమాని ఆ మేరకు కౌలు పెంచేస్తాడు, సొమ్ము తిరిగి తిరిగి పాసు పుస్తకానికే చేరుతుంది. కొంత నిజం. కౌలు భూమికి గిరాకీ ఎక్కువున్న చోట అది జరుగుతుంది. కానీ మొత్తం జరగదు, వెంటనే జరగదు. దానికన్నా ముఖ్యం, సాయంతో పాటు పేరు నమోదవుతుంది. తుపాను వచ్చిననాడు పరిహారం, బ్యాంకులో పంట రుణం, కొనుగోలు కేంద్రంలో మద్దతు ధర అన్నీ ఆ పేరు వెంట నడుస్తాయి. యజమాని ఒక బస్తా ఎక్కువ అడిగినా వీటిని తన ఖాతాలో వేసుకోలేడు. ఇప్పుడు అన్నీ ఆయన ఖాతాలోనే ఉన్నాయి. రైతు స్వరాజ్య వేదిక 2022లో తెలంగాణ గ్రామాల్లో సర్వే చేస్తే సాగు చేసేవాళ్లలో మూడో వంతుకు పైగా కౌలుదారులే తేలారు. ఆత్మహత్యల వార్తల్లో వాళ్ల పాలు ఎంతో పత్రిక చదివే ప్రతివాళ్లకూ తెలుసు. అంతమందిని లెక్కలోంచి తీసేసి రైతు సంక్షేమం అనడం నాకు మింగుడుపడదు.

చిన్న రైతు భూమిని తనే చేసుకుంటుంటే పట్టా, పంట ఒక్కరివే, అక్కడ పేచీ లేదు. వృద్ధాప్యంలో కౌలుకిచ్చి ఆ గింజల మీదే బతికే ఒంటరి ముసలమ్మల సంగతీ నాకు తెలుసు. వాళ్లకు కావలసింది పింఛను, దాన్ని పింఛనుగానే ఇవ్వాలి. రైతు పేరున ఇచ్చే సొమ్ము విత్తేవాడికి చేరాలి.

అమరావతికి నేను అడిగేది మూడు పనులు. సాగుదారు కార్డుకు యజమాని సంతకం అక్కర్లేదని చట్టం సవరించండి, ఈ-పంటలో ఉన్న పేరుకే సాయం వేయండి. ఏడాదికి రెండుసార్లు గ్రామసభలో ఆ జాబితా పైకి చదివించండి. చదివేటప్పుడు ఊరు వింటుంటే దొంగ పేరు నిలవడం కష్టం. హైదరాబాదు కూడా ఇదే చేయొచ్చు, ఎన్నికల ముందు తానే అన్న మాట అది.

ఇక ఊళ్లో పొలం, పట్నంలో కాపురం ఉన్నవాళ్లతో ఒక మాట. చట్టం మారేదాకా ఆగక్కర్లేదు. మీ కౌలుదారు తెచ్చే ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టండి. పదకొండు నెలలకు అది తనంతట తానే చెల్లకుండా పోతుంది. భూమి మీదే, పాసు పుస్తకమూ మీదే. అన్నయ్యకు ఆ చట్టం ప్రతి పోస్టులో పంపించాను, ఇంకా చదవలేదట.